గోడవైపు తిప్పిన ముంత

సబ్బు మీద నాకేమీ పగ లేదు. గిన్నెలకి పెట్టండి, బట్టలకి పెట్టండి, కావాలంటే మా ఊరి డెన్‌జిల్ నోటికి పెట్టండి, పుణ్యం ఉంటుంది. బీరు ముంతకి మాత్రం పెట్టకూడదు. ఈ ముక్క పెళ్ళయిన కొత్తలో నాకెవరైనా చెప్పి ఉంటే, మా ఆయన మెర్విన్ ముప్పై నాలుగేళ్ళపాటు 'నల్ల పొట్టేలు' గడప తొక్కకుండా ఉండాల్సిన పనే లేకపోయేది.

నల్ల పొట్టేలు అంటే మా ఊరు స్లేకూంబ్‌లోని పబ్బు. మా గేటు దగ్గర నిలబడి గట్టిగా తుమ్మితే అక్కడివాళ్ళు "చల్లగా ఉండు" అంటారు, అంత దగ్గర. నాలుగు వందల ఏళ్ళ నాటిదని బయట పలక మీద రాసి ఉంటుంది. చూడ్డానికొచ్చినవాళ్ళు ఆ పలకని ఫోటో తీసుకుని, లోపలికెళుతూ ద్వారం మీది దూలానికి నుదురు బాదుకుంటారు. ఊరివాళ్ళెవరికీ తగలదు. ఎక్కడ వంగాలో మా ఒంటికే తెలుసు.

అక్కడ ఎవరి ముంత వాళ్ళది. తగరంతో చేసిన పిడి ముంతలు. పొయ్యి పక్క గోడకి వరసగా కొక్కేలు, కొక్కేనికో ముంత. తండ్రిది కొడుక్కొస్తుంది. తాగడం అయ్యాక యజమాని వేడినీళ్ళతో తొలిచి మళ్ళీ తగిలిస్తాడు, అంతే. మెర్విన్‌ది వాళ్ళ తాత ముంత. పెళ్ళయిన రెండో వారంలో నాకు చూపించాలని మోజుపడి ఇంటికి తెచ్చాడు. "చూడు, మా తాత పేరు చెక్కి ఉంది" అన్నాడు. నాకు పేరు కనపడలేదు, పట్టిన నలుపు కనపడింది. యోవిల్ పట్నంలో పెరిగినదాన్ని, మా అమ్మ ఇంట్లో ఏ వస్తువూ అంత నల్లగా ఉండగా చూడలేదు. రాత్రంతా నిమ్మకాయ వాసన సబ్బునీళ్ళలో నానబెట్టి, పొద్దున్నే పీచు పెట్టి తోమి తళతళలాడించాను. మొగుడు మెచ్చుకుంటాడని.

మెచ్చుకున్నాడు కూడా. ఆ శనివారం ముంత పట్టుకుని పబ్బుకెళ్ళాడు. యజమాని హ్యూబర్ట్ కొత్త పీపా తెరిచి మొదటి బీరు ఈయనకే పోశాడట. సబ్బు తగిలితే బీరు నురగ నిలవదు. పొయ్యగానే చచ్చి ఊరుకుంది. మెర్విన్ ఒక గుక్క తాగాడు. రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ అనుకునే మనిషి, పక్క ఊరి ఆటగాళ్ళంతా పందేనికొచ్చి కూర్చున్న రోజే నోరు తెరిచాడు.

"ఏం బీరయ్యా ఇది హ్యూబర్ట్, కుళ్ళిపోయింది! పందులకి పోసుకో!" అని ముంతడూ నేల మీద గుమ్మరించాడు.

పబ్బు యజమానిని నువ్వు లావెక్కావంటే నవ్వుతాడు. నీ వంట బాలేదంటే మూతి ముడుస్తాడు. నీ బీరు కుళ్ళిందంటే మాత్రం తండ్రిని తిట్టినట్టే. హ్యూబర్ట్ వాళ్ళు నాలుగు తరాలుగా ఆ నేలమాళిగలో పీపాలకి చంటిపిల్లలకి చేసినట్టు చేస్తున్నవాళ్ళు. హ్యూబర్ట్ బల్ల పైనున్న గంట ఒక్కసారి కొట్టి, "మెర్విన్ వౌల్స్, ఈ జన్మకి నీకు ఈ గడప లేదు" అన్నాడు. ముంత తీసుకెళ్ళి, మూతి గోడవైపు తిప్పి తగిలించాడు. వెలివేసినవాడి ముంత అలాగే ఉంటుంది మా దగ్గర.

ఈ జన్మకి అంటే నిజంగా ఈ జన్మకనే కాదు. దానికో పద్ధతుంది. వెలివేసిన యజమాని ఒక్కడే దాన్ని ఎత్తెయ్యగలడు. వెలిపడ్డవాడు అందరూ ఉన్నప్పుడు పొయ్యి ముందు నిలబడి, ఎందుకలా చేశాడో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అడిగినవాళ్ళకల్లా జవాబివ్వాలి. అప్పుడు యజమాని మళ్ళీ గంట కొడతాడు. డెన్‌జిల్ ఒకసారి కోటులో కోడిపెట్టని దాచి తెచ్చి పాదిరీగారి టోపీలో కూర్చోబెట్టాడు. రెండు వారాలకే పొయ్యి ముందు నిలబడి, పందెం కాశానని ఒప్పుకుని లోపలికొచ్చేశాడు. నలభై ఏళ్ళయింది, ఇప్పటికీ వాడు కోడి డెన్‌జిలే. వాడి మనవణ్ణి కూడా బళ్ళో కోడిగారి మనవడా అని పిలుస్తారు. మా ఊళ్ళో క్షమించడం ఉంది, మరిచిపోవడం లేదు.

మెర్విన్ వెళ్ళి చెప్పలేదు. "రుచి బాలేదు. బాలేదు కాబట్టే బాలేదన్నాను" అని కూర్చున్నాడు.

నాకు సంగతి తెలిసింది మా అత్తగారి వల్ల. పది రోజుల తర్వాత వచ్చి, నేను గిన్నెలు తోముతుంటే పక్కన నిలబడి చూసి, "పిల్లా, బీరు ముంత ఎప్పుడైనా కడగాల్సొస్తే సబ్బు దగ్గరికి రానీకు, రుచి పాడవుతుంది" అంది. ఊరికే, మాట వరసకి. నా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

ఆ సాయంత్రమే చెప్పేద్దామనుకున్నాను. ఒట్టు. మెర్విన్ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు కిటికీ దగ్గరికీ కాసేపు కుర్చీలోకీ తిరిగి, "నీకు పేకాట వచ్చా?" అన్నాడు. రాదన్నాను. నేర్పాడు. లెక్క కోసం రంధ్రాల పలకలో పుల్లలు గుచ్చుకుంటూ ఆడే ఆట, మా ఇళ్ళల్లో అందరిదీ అదే. తొమ్మిదింటిదాకా ఆడాం. మధ్యలో ఒకసారి నవ్వాడు. పెళ్ళయ్యాక ఆ మనిషి నవ్వు అంత దగ్గరగా చూడటం నాకదే మొదలు. రేపు చెబుదాంలే అనుకున్నాను.

ఆ రేపు రాలేదు. ఊళ్ళో మిగతా ఆడవాళ్ళ మొగుళ్ళంతా సాయంత్రం అయ్యేసరికి నల్ల పొట్టేలులో. నా మొగుడు నా ఎదురుగా. ఏడు కొట్టేసరికి పలక బల్ల మీదికొచ్చేది, ముక్కలు పంచేవాడు. స్వార్థం అంటారా, అనండి. కాదని నేనన్నానా?

ఇంకో సంగతి చెప్పాలి. మెర్విన్ ఇళ్ళకి గడ్డికప్పు వేసే పనివాడు. ఈ చుట్టుపక్కల అంత బాగా వేసేవాడు ఇంకొకడు లేడు. పదిహేనేళ్ళ క్రితం గాలివానకి నల్ల పొట్టేలు కప్పు లేచిపోతే హ్యూబర్ట్ కబురంపాడు. మెర్విన్ వెళ్ళాడు. మూడు వారాలు ఆ పబ్బు నెత్తి మీద కూర్చుని పని చేశాడు, కింద పబ్బులో కాలు పెట్టలేదు. భోజనం నేను నిచ్చెన దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని. డెన్‌జిల్ కింద నిలబడి, "ఏం మెర్విన్, వాసనైనా వస్తోందా పైకి?" అని అరిచేవాడు. మెర్విన్ వాడి మీదికి తడిగడ్డి మోపు ఒకటి జారవిడిచాడు, పొరపాటున. హ్యూబర్ట్ రోజూ నాలుగింటికి టీ తెచ్చి నిచ్చెన మెట్టు మీద పెట్టి వెళ్ళేవాడు. బీరు తేలేదు. పద్ధతి పద్ధతే.

అలా గడిచిపోయేదే. ఈ ఏడాది మే నెలలో హ్యూబర్ట్ పబ్బు అమ్మేశాడని తెలిసింది. డెబ్భై తొమ్మిదేళ్ళు, నేలమాళిగ మెట్లు ఎక్కలేకపోతున్నాడు, కార్డిఫ్‌లో కూతురి దగ్గరికి పోతున్నాడు. జూన్ మూడో ఆదివారం ఆఖరి రోజు. కొన్నవాళ్ళు బ్రిస్టల్ నుంచి వచ్చిన కుర్ర జంట, మంచివాళ్ళే. ఆ అమ్మాయి మా ఇంటికే వచ్చి, "పాత గొడవలు మాకేం పట్టవండీ, మీరు హాయిగా రండి" అని మెర్విన్ చెయ్యి పట్టుకుని చెప్పింది.

ఆ పిల్ల వెళ్ళాక మెర్విన్ చాలాసేపు బూటు లేసు కట్టుకుంటూ ఉండిపోయాడు. తర్వాత అన్నాడు, "నన్ను ఆపింది వీళ్ళా, రమ్మనడానికి?"

అప్పుడర్థమైంది నాకు. హ్యూబర్ట్ ఆదివారం వెళ్ళిపోతే ఆ మాట ఎత్తేసేవాడు ఇంక భూమ్మీద ఉండడు. మెర్విన్ పోయేదాకా వెలివేసినవాడే. ముంత మూతి గోడకే. శుక్రవారం సాయంత్రం బూట్లకి పాలిష్ పెట్టుకుని గేటు దాకా వెళ్ళాడు. గేటు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. మా కుక్క, అలవాటు లేకపోయినా పబ్బువైపే లాగింది. కాసేపటికి వెనక్కొచ్చి, "కాళ్ళు పీకుతున్నాయి" అన్నాడు. నేను వంటింట్లోకెళ్ళి ఏడ్చాను. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు. కారణం తెలిస్తేగా పాపం ఆ మనిషి పొయ్యి ముందు నిలబడి చెప్పేది! ఆ కారణం నా పొట్టలో ఉంది, ముప్పై నాలుగేళ్ళుగా.

శనివారం పదకొండింటికి, ఇంకా తలుపులు తియ్యకముందే పబ్బుకెళ్ళాను. హ్యూబర్ట్ బల్ల తుడుస్తున్నాడు. కొక్కేల కింద అట్టపెట్టెలు ఉన్నాయి గానీ ముంతలు ఇంకా దించలేదు. మెర్విన్‌ది మూడో వరసలో, వీపు ఇటు పెట్టి ఉంది.

"ఏం అమ్మాయ్, ఇలా వచ్చావు?" అన్నాడు. అరవై దాటినా నేనతనికి అమ్మాయినే.

"హ్యూబర్ట్, ఆ రోజు మీ బీరు బాగానే ఉంది. ఆ ముంత నేను సబ్బు పెట్టి తోమాను. మెర్విన్‌కి తెలియదు" అన్నాను, ఒక్క ఊపిరిలో.

అతను తుడవడం ఆపలేదు. "నిమ్మకాయ వాసన సబ్బు" అన్నాడు.

"మీకు... మీకు తెలుసా?"

"ముంత తీసి తగిలించింది నేనేగా. నాకూ ఉంది ముక్కు."

"తెలిసీ ఊరుకున్నారా? ముప్పై నాలుగేళ్ళు!" నాకు ఒళ్ళు మండిపోయింది. తప్పు చేసింది నేను, అరుస్తున్నదీ నేనే. "మనిషన్నవాడికి కాస్తన్నా ఉండక్కర్లేదా?"

"అరవకు. కూర్చో" అన్నాడు. కూర్చున్నాను. "అప్పటికి గంట కొట్టేశాను. కొట్టిన గంటని వెనక్కి తీసుకోలేను. సర్లే, వాడే వచ్చి చెబుతాడు, నవ్వుకుని వదిలేద్దాం అనుకున్నాను. మూడో రోజు పొద్దున వచ్చాడు కూడా. వెనక తలుపు దగ్గరికి."

"ఎవరు?"

"ఇంకెవరు, నీ మొగుడే. 'హ్యూబర్ట్, తప్పు నాది. ఇంట్లో టీ కప్పులోనూ అదే రుచి వచ్చింది, అప్పుడు తెలిసింది' అన్నాడు. అయితే సాయంత్రం రా, పొయ్యి ముందు ఒక మాట చెప్పేసెయ్ అన్నాను. రానన్నాడు."

"ఎందుకు?" అన్నాను.

"'చెబితే మా ఏవ్రిల్ చచ్చేదాకా ఈ ఊళ్ళో సబ్బు ఏవ్రిలే. డెన్‌జిల్ గాణ్ణి చూడు, ఇంకా కోడే. దానికి ఇక్కడ ఎవరూ లేరు. వచ్చి నెల కాలేదు, యోవిల్ పిల్ల అంటున్నారని మొన్న దిండులో మొహం పెట్టుకుని ఏడ్చింది. నాకు పబ్బు లేకపోతే ఏం, ఇల్లుంది' అన్నాడు. నా చేత ఒట్టు వేయించుకున్నాడు, ఎవరికీ చెప్పనని. ఇప్పుడు నీకు చెబుతున్నానంటే, నీ అంతట నువ్వు వచ్చి సబ్బు అన్నావు కాబట్టి."

నేను దాచాననుకుంటున్నాను, ఆయన నాకోసం దాచాడు. అదే బల్ల దగ్గర, రోజూ, ఇద్దరం ఒకే ముక్క చాటుగా పట్టుకుని ఆడాం. నాకోసం ఆ మనిషి స్నేహితుల్నీ తాత ముంతనీ వదులుకుంటే, నేనేమో ఆయన ఇంట్లో ఉంటున్నాడని లోలోపల సంబరపడ్డాను.

"ఇప్పుడేం చెయ్యను?" అన్నాను.

"వాడు చెప్పడు. నేను మాటిచ్చాను. నువ్వు ఎవరికీ మాటివ్వలేదుగా?" అన్నాడు హ్యూబర్ట్. "కారణం ఎవరు చెప్పినా కారణమే. రేపు ఐదింటికి అందరూ ఉంటారు."

ఆ రోజు పేకాటలో వరసగా మూడు ఆటలు ఓడిపోయాను. "ఏమైందే నీకు?" అన్నాడు మెర్విన్. తలనొప్పన్నాను. ఇంకో అబద్ధం, ఎన్నోదో.

ఆదివారం ఐదింటికి ఆయన్ని కోటు వేసుకోమన్నాను. "హ్యూబర్ట్‌కి పోయిరమ్మని చెబుదాం, బయటినుంచే" అన్నాను. ఎండ ఇంకా బాగా ఉంది. పబ్బు కిక్కిరిసిపోయింది, తలుపులు బార్లా తీసి ఉన్నాయి. మెర్విన్ గడప ఇవతల ఆగిపోయాడు, బూటు కొన రాతికి తగలకుండా. నేను చెయ్యి వదిలించుకుని లోపలికి నడిచాను.

"ఎక్కడికే?" అన్నాడు వెనకనుంచి.

నేను ఆగలేదు. పొయ్యి ముందు నిలబడ్డాను. జూన్ నెల, పొయ్యిలో నిప్పు లేదు, ఎవరో పూలకుండీ పెట్టారు. అయినా నాకు చెమటలు పట్టాయి. హ్యూబర్ట్ చేత్తో బల్ల మీద కొట్టాడు. అందరూ మాటలాపారు.

"మెర్విన్ వౌల్స్ బదులు నేను చెబుతున్నాను" అన్నాను. "ఆ రోజు బీరు బంగారంలాంటిది. ముంత నేను సబ్బుతో కడిగాను."

డెన్‌జిల్ మొదలుపెట్టాడు, వాడేగా మొదలుపెట్టేది. "సబ్బా! బీరు ముంతకి సబ్బా! అయ్యో యోవిల్ పిల్లా, ముంతకి ఇస్త్రీ కూడా చేశావా?" గది గదంతా విరగబడి నవ్వింది. బల్లలు చరిచారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. మెర్విన్ దేనికి భయపడ్డాడో అది అచ్చం అలాగే జరిగింది.

"నవ్వండి" అన్నాను. "నవ్వడం అయ్యాక ఇదీ వినండి. పది రోజులకే నాకు తెలిసింది. చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు హ్యూబర్ట్. అడగాలి మరి, పద్ధతి.

"ఆయన సాయంత్రాలు ఇంట్లో ఉంటున్నాడని. చెబితే మళ్ళీ మీ అందరికీ ఇచ్చెయ్యాల్సొస్తుందని. నాకు ఇవ్వాలనిపించలేదు. అంతే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. డెన్‌జిల్ కూడా తన ముంతలోకి చూసుకున్నాడు. వాడి పెళ్ళాం వాడివైపు ఎలా చూసిందో నేను చూశాను.

గుమ్మం వైపు తలతిప్పాను. మెర్విన్ అక్కడే ఉన్నాడు, టోపీ చేతిలో. అంతా విన్నాడు. మొహం ఎర్రబడి ఉంది. కోపమో ఏమిటో ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి నాకు తెలియలేదు.

"ముప్పై నాలుగేళ్ళు నోరు కట్టుకు కూర్చున్నానే నేను" అన్నాడు, గడప అవతలినుంచే. "నువ్వు ఒక్క నిమిషంలో ఊరందరి ముందూ... అసలు నిన్నెవరు చెప్పమన్నారు?"

"నిన్నెవరు దాచమన్నారు?" అన్నాను. "నాకోసం వదులుకుంటున్నట్టు నాకొక్క ముక్క చెప్పావా?"

"చెబితే నువ్వు పొమ్మనేదానివి" అన్నాడు. కాసేపు టోపీ అంచు తిప్పాడు. "నాకు పోవాలని అంతగా ఏం లేదు."

హ్యూబర్ట్ గంట కొట్టాడు. పెద్దగా మోగింది. గోడ దగ్గరికెళ్ళి మూడో వరసలోంచి ముంత తీసి, వేడినీళ్ళతో తొలిచి, ఆఖరి పీపాలోంచి నింపాడు. "మెర్విన్ వౌల్స్, లోపలికి రా" అన్నాడు.

మెర్విన్ వచ్చాడు, దూలానికి ఠప్పున నుదురు కొట్టుకుంటూ. వంగడం మరిచిపోయాడు. పై కప్పు ప్రతి గడ్డిపోచా చేత్తో పేర్చిన మనిషి, కింద దూలానికి బయటి ఊరివాడిలా తగిలించుకున్నాడు. మళ్ళీ నవ్వులు. ఆయనా నవ్వాడు, నుదురు రుద్దుకుంటూ. ముంత అందుకుని నురగవైపు చూసి, ఒక గుక్క తాగాడు. ఎవరూ ఊపిరి పీల్చలేదు, హ్యూబర్ట్ అసలే పీల్చలేదు.

"బాగుంది" అన్నాడు మెర్విన్. "ఆ రోజు కూడా బాగుందయ్యా హ్యూబర్ట్."

హ్యూబర్ట్ తల ఊపి, అవతలికి తిరిగి ఏవో గ్లాసులు సర్దాడు. చాలాసేపు సర్దాడు.

తర్వాత ఒకటే గోల. మెర్విన్‌ని కిటికీ పక్క పాతచోటులో కూర్చోబెట్టారు. మూడు తరాల కబుర్లు ఒకేసారి చెప్పారు. నన్ను అప్పుడే "సబ్బమ్మా" అని రెండుసార్లు పిలిచారు. పిలుచుకోండి. నేను ఒక మూల బల్ల మీద కూర్చుని ఆయన్ని చూస్తూ ఉన్నాను. అంత కళగా ఉన్నాడు. సరే, ఇంక ఆయన ఇక్కడివాడే, రేపటినుంచి సాయంత్రాలు నేనూ కుక్కా అనుకున్నాను. నాకు దక్కాల్సినదానికంటే ఎక్కువే దక్కింది, ఏడవడానికేం లేదు అని గట్టిగా చెప్పుకున్నాను. ఏడుపొస్తూనే ఉంది.

గోడగడియారం ఏడు కొట్టింది. మెర్విన్ మాట మధ్యలో ఆపి దానివైపు చూశాడు. ముంత బల్ల మీద పెట్టాడు. సగం ఇంకా ఉంది.

"పద" అన్నాడు నాతో, కోటు అందుకుంటూ.

"ఎక్కడికిరా?" అన్నాడు డెన్‌జిల్. "ముప్పై నాలుగేళ్ళకి వచ్చి సగం ముంత వదిలేసి పోతావా? నా ఆఖరి పీపా అని హ్యూబర్ట్ ఏడుస్తాడు!"

"ఏడయింది" అన్నాడు మెర్విన్. "ఇంట్లో ముక్కలు ఎవరు పంచుతారు, నువ్వా?"

హ్యూబర్ట్ ఆ సగం ముంత తీసుకుని తనే తాగేశాడు. కడిగి, మూతి గదివైపు ఉండేలా కొక్కేనికి తగిలించాడు. గుమ్మం దగ్గర మెర్విన్ నా తల మీద చెయ్యి పెట్టి, దూలానికి తగలకుండా వంచాడు. ఇద్దరం ఇంటికెళ్ళాం. ఆ రోజు ఆయనే పంచాడు, నేనే గెలిచాను.